నా స్కూటర్ మీద మెరిసే చార్జింగ్ శాతం గారికి

శాతం గారూ,

పోయిన ఆదివారం మైపాడు బీచ్ దగ్గర బండి ఎక్కేటప్పుడు మీరు 38 చూపించారు, గుర్తుందా? నెల్లూరు ఎంత, పాతిక కిలోమీటర్లేగా అని నేనూ మా ఆవిడా రెండు కేజీల చేపలూ ధైర్యంగా బయలుదేరాం. ఇందుకూరుపేట దాటేదాకా పెద్దమనిషిలాగా ఒక్కొక్క మెట్టే దిగారు, 21, 20, 19. తర్వాత ఏం పూనిందో, 19 నుంచి నేరుగా 6. ఇదేందబ్బా అనుకునేలోపే బండి ఆగిపోయింది. రొయ్యల గుంటల పక్కన తోసుకుంటూ వెనక్కి వస్తుంటే ఒక పెద్దాయన "ఏంది నాయనా, పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు. ఏం చెప్పను? ఇంకా 19 శాతం ఉండాల్సింది తాతా అనా? చివరికి ఇందుకూరుపేటలో పెద్దమ్మ వాళ్ళింట్లో ప్లగ్గు పెట్టాం. చేపలు అక్కడే పులుసయిపోయాయి.

మా నాన్న పాత స్కూటర్‌కి రిజర్వ్ ఉండేది, అదీ అయిపోతే బండిని ఒక పక్కకు వంచితే బంకు దాకా పోయేది. మిమ్మల్ని ఎటు వంచాలి?

మెకానిక్ కుర్రాడు మీ గుట్టు విప్పాడు లెండి. లోపల ఎంత ఉందో మీకే తెలియదట! ఎంత కరెంటు వచ్చింది, ఎంత పోయింది అని కిరాణా కొట్టు పద్దులాగా రాసుకుంటూ కూర్చుంటారట, రోజూ పైసా పైసా తేడా పడుతూనే ఉంటుందట. వోల్టేజీతో సరిచూసుకోవచ్చు కదా అంటే, మాది ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం లిథియం బ్యాటరీ, 70 శాతం దగ్గరా 30 దగ్గరా లోపలి ఒక్కో సెల్లుకి 3.3 వోల్టులకి కాస్త అటూ ఇటూగానే ఉంటుందట, మైపాడు రోడ్డంత చదును, అడుగుకి వచ్చాకే దబ్బున పడుతుంది. పైగా వరుసలో ఒక్క సెల్లు ముందు నీరసపడినా అన్నీ ఆగాల్సిందే, జతలో ఒక గిత్త పడుకుంటే బండి కదలనట్టు.

సరే, తెలియదు. ఆ ముక్క చెప్పొచ్చుగా? "పది నుంచి పాతిక మధ్య ఉండొచ్చు సార్" అంటే కొడతానా? చేపలమ్మే ఆమె కూడా "కేజీకి కాస్త అటూ ఇటూ ఉంటదయ్యా" అంటుంది. మీరేమో తాసిల్దారు సంతకం పెట్టినట్టు 19.

నా తప్పూ ఒకటుంది. ఫోన్‌లో ఎవరో 80 దాటించొద్దు అన్నారని మూడు నెలలుగా అక్కడే ప్లగ్గు పీకేస్తున్నాను. ఇలాంటి బ్యాటరీకి అప్పుడప్పుడూ ఫుల్ పెడితేనే మీ పద్దు మళ్ళీ సరిపడుతుందని కుర్రాడు చెప్పేదాకా నాకు తెలియదు. ఈ మాట మా ఆవిడతో అనలేదు, ఆమె ఇంకా మిమ్మల్నే తిడుతోంది, తిట్టనివ్వండి.

నిన్న రాత్రి ఫుల్ పెట్టాను. పొద్దున్నుంచీ 100 అని వెలిగిపోతున్నారు. ఈ ఆదివారం మళ్ళీ మైపాడే. చార్జర్ సంచిలో సర్దాను, పెద్దమ్మకి ఫోన్ చేసి ఇంట్లోనే ఉంటుందో లేదో కూడా కనుక్కున్నాను.

ఇట్లు,
మిమ్మల్ని మూడు కిలోమీటర్లు తోసినవాడు