సవరణ: బెన్నెట్ మొదటి ప్రధాని కాదు

న్యూఫౌండ్‌లాండ్ వర్తకుడు చార్లెస్ ఫాక్స్ బెన్నెట్ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

ఆయన్ని అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యంగా ఉన్న ఆ దీవికి మొదటి ప్రధాని అన్నాను. కాదు. 1855లో బాధ్యతాయుత ప్రభుత్వం, అంటే ఎన్నికైన సభకు జవాబు చెప్పుకునే ప్రభుత్వం, వచ్చినప్పుడు ఆ పదవి ఫిలిప్ ఫ్రాన్సిస్ లిటిల్‌ది. బెన్నెట్ అసలు ఆ పద్ధతినే వ్యతిరేకించినవాడు.

రెండోది ఇంకా పెద్దది. కెనడాలో చేరడానికి ఆయన మద్దతిచ్చాడని రాశాను. నిజం దానికి పూర్తిగా తలకిందులు. 1869 ఎన్నికల్లో ఆయన పక్షం గెలిచిందే చేరొద్దన్న మాట మీద. 1870 నుంచి 1874 దాకా ప్రధానిగా ఉన్నాడు. న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో కలిసింది 1949లో.

ఇది చిన్న పొరపాటుగా వదిలేయలేను. అక్కడి జాలర్లు ఎండాకాలం మొదట్లో ఉప్పు, వలలు, పిండి వర్తకుడి దగ్గర అప్పుగా తెచ్చుకుని, చలి ముదరకముందే ఎండు కాడ్ చేపతో ఆ బాకీ తీర్చేవారు. చేపను రకాలుగా విడగొట్టేదీ, ధర కట్టేదీ వర్తకుడి రేవులోనే. చేతికి డబ్బు దాదాపు వచ్చేదే కాదు. అలాంటి చోట, కెనడాలో చేరితే కొత్త పన్నులొస్తాయన్న భయం ఎంత లోతుగా దిగి ఉంటుందో! ఆ భయాన్ని ఓట్లుగా మలిచింది ఒక వర్తకుడే.

పాత వ్యాసంలో ఆ రెండు వాక్యాలూ మార్చాను.