ఆటో ట్యూనర్ మహిమల మెసేజ్‌కి నా జవాబు

హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునే మా వాళ్ల మధ్య, ఆటో ట్యూనర్ (రేడియోకీ యాంటెన్నాకీ మధ్య పెట్టే పెట్టె) గురించి ఒకే మెసేజ్ తిరుగుతోంది. మొదట బరంపురం గ్రూపులో వచ్చింది, తర్వాత పర్లాఖిమిడి మిత్రులు పంపారు, చివరికి రాయగడలో ఇంకా లైసెన్స్ పరీక్షకు చదువుకుంటున్న కుర్రాడు కూడా "అన్నయ్యా, ఇది నిజమేనా, డబ్బులు దాచుకుంటున్నాను" అని పంపాడు. పెద్దవాళ్లు పంపినప్పుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాను గానీ, ఆ కుర్రాడి మాట చూశాక ఇక లాభం లేదని రాస్తున్నాను.

మెసేజ్ సంగతి ఇదీ. "హామ్ మిత్రులకు శుభవార్త! ఆటో ట్యూనర్ కొనండి, యాంటెన్నా గొడవ మర్చిపోండి" అని మొదలవుతుంది. కింద పచ్చటి టిక్కులు పెట్టి పాయింట్లు. ఏదో ఒక తీగ కడితే చాలు, 80 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా అన్ని బ్యాండ్లూ (అల పొడవుతో పిలిచే ఫ్రీక్వెన్సీ గుంపులు; 40 మీటర్లంటే 7 మెగాహెర్ట్జ్, 10 మీటర్లంటే 28) పనిచేస్తాయి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపేది, 1:1 అంటే ఏమీ రావట్లేదని) మీద 1:1 వచ్చిందంటే పవరంతా గాల్లోకి వెళ్లిపోయినట్టే. ట్యూనర్ లేకపోతే ఫైనల్స్ (రేడియోలో చివరి పవర్ ట్రాన్సిస్టర్లు) కాలిపోతాయి. ట్యూనర్ పెడితే నాయిస్ పోతుంది. లోపల కాయిల్స్ ఉంటాయి కాబట్టి పిడుగు రేడియో దాకా రాదు, ఎర్త్ కూడా అక్కర్లేదు. తుఫాను రోజుల్లో ట్యూనరే దిక్కు. బటన్ నొక్కితే ఐదు సెకన్లలో పని అయిపోతుంది. ఇవి కాక ఏ కంపెనీది కొనాలో ఒక ఉచిత సలహా.

నాకు ట్యూనర్ల మీద కోపమేమీ లేదు. నా బల్ల మీద కూడా ఒకటి ఉంది, అమ్మమంటే అమ్మను. కానీ అది చేసే పని వేరు, ఈ మెసేజ్ చెప్పే పని వేరు.

ముందు చిన్నవి తేల్చేద్దాం. ఫైనల్స్ కాలిపోవడం గురించి: ఇప్పటి ట్రాన్సిస్టర్ రేడియోల్లో దాదాపు అన్నీ ఎస్‌డబ్ల్యూఆర్ పెరగగానే పవర్ తమంతట తామే తగ్గించుకుంటాయి. కాలిపోవాలంటే మనం చాలా కష్టపడాలి. నిజానికి మా చుట్టుపక్కల పాడైనవి ఎక్కువగా ట్యూనర్లే. ఒకాయన పూర్తి 100 వాట్ల మీద ట్యూన్ బటన్ నొక్కడం అలవాటు చేసుకున్నారు, కొన్నాళ్లకు లోపల రిలే (కాయిల్స్‌ని మార్చే చిన్న స్విచ్చు) కాంటాక్టులు అతుక్కుపోయి, ఆ టకటక శబ్దం ఆగింది, ట్యూనింగూ ఆగింది. మాన్యువల్‌లో తక్కువ పవర్ మీద ట్యూన్ చేయమని రాసి ఉంది. మాన్యువల్ ఎవరు చదువుతారు, వాట్సాప్ ఉండగా.

నాయిస్ గురించి: మీ ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు, పక్కింటి ఇన్వర్టర్, ఎదురింటి సోలార్ చార్జరు చేసే గోలని ట్యూనర్ ఎలా గుర్తుపట్టి ఆపుతుందండీ? మీటరు సూది తగ్గితే సిగ్నలూ తగ్గింది, నాయిసూ తగ్గింది. అంతే. ఆ కంపెనీ సలహా ఎవరు ఎందుకు రాశారో మీకే తెలుసు, దాన్ని వదిలేస్తున్నాను.

ఇక అసలు విషయం. "1:1 వస్తే పవరంతా గాల్లోకి." ఈ ఒక్క వాక్యం మన కొత్తవాళ్లని ఎంత పాడు చేసిందో చెప్పలేను. రేడియో పక్కన పెట్టిన ట్యూనర్ చేసే పనల్లా రేడియోకి అది కోరే 50 ఓమ్‌ల ఇంపీడెన్స్ (రేడియో కరెంటుకి ఎదురయ్యే అడ్డు) చూపించడం. దాని అవతల, అంటే ట్యూనర్ నుంచి డాబా మీదికి పోయే కేబుల్‌లో, ఏమీ మారదు. యాంటెన్నా దగ్గర 10:1 ఉంటే ట్యూన్ చేశాక కూడా 10:1 గానే ఉంటుంది. జ్వరం ఉన్నవాడి థర్మామీటర్‌ని చన్నీళ్లలో ముంచి, చూశారా తగ్గిపోయింది అన్నట్టుంటుంది ఈ 1:1 సంబరం.

లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే లెక్క చూపిస్తే తప్ప నమ్మరు. మనలో చాలామంది వాడేది సన్నటి ఆర్‌జీ-58 కోయాక్స్ కేబుల్ (మధ్యలో తీగ, చుట్టూ రాగి జడ). 30 మీటర్ల ముక్క అనుకోండి, బ్యాండు 28 మెగాహెర్ట్జ్. యాంటెన్నా సరిగ్గా మ్యాచ్ అయి ఉన్నా ఆ కేబుల్ రెండున్నర డెసిబెల్ దాకా తినేస్తుంది, అంటే 100 వాట్లు పంపితే పైకి చేరేవి దాదాపు 56. ఇప్పుడు యాంటెన్నా దగ్గర 10:1 ఉంటే మొత్తం నష్టం 6 డెసిబెల్ దగ్గరికి పోతుంది. పైకి చేరేవి 25 వాట్లు. మిగతా 75 వాట్లూ కేబుల్‌ని వెచ్చబెట్టడానికే. ఇంకా వింత ఏమిటంటే, ఇదే పరిస్థితిలో ట్యూనర్ లేకుండా గదిలో మీటర్ పెట్టి చూస్తే 10 కనపడదు, 3 కన్నా కొంచెం తక్కువే కనపడుతుంది, ఎందుకంటే వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ కేబుల్ మింగేసింది కదా. రేడియోలోపల ఉండే ట్యూనర్లు మామూలుగా 3:1 వరకు సర్దుతాయి. కాబట్టి అది హాయిగా 1:1 చేసి పెడుతుంది, ఆయన హాయిగా ఫోటో తీసి గ్రూపులో పెడతాడు, నేను "కంగ్రాట్స్" అని పెట్టాలి.

మన ప్రాంతంలో దీనికి ఇంకో తిరకాసు ఉంది. గోపాలపూర్ నుంచి ఛత్రపూర్ దాకా ఉప్పుగాలి. బయట పెట్టిన పీఎల్-259 కనెక్టర్ టేపు సరిగా చుట్టకపోతే ఒక్క వానాకాలం చాలు, నీళ్లు లోపలికి దిగి, కేబుల్ లోపలి రాగి జడ రంగు మారి నల్లబడి, కేబుల్ లాస్ పెరిగిపోతుంది. లాస్ పెరిగితే గదిలో ఎస్‌డబ్ల్యూఆర్ ఏమవుతుంది? బాగుపడుతుంది! కాబట్టి యాంటెన్నా ముట్టుకోకుండానే ఏడాదికేడాది మీ ఎస్‌డబ్ల్యూఆర్ మెరుగవుతోందంటే సంతోషించకండి, మేడ ఎక్కి కనెక్టర్ విప్పి చూడండి. పైగా డమ్మీ లోడ్ (పవరంతా వేడిగా మార్చేసే 50 ఓమ్‌ల రెసిస్టర్) తగిలించినా అన్ని బ్యాండ్ల మీదా 1:1 వస్తుంది కదండీ. ట్యూనర్ కూడా అక్కర్లేదు. ఆ లెక్కన లోకంలో అన్నిటికంటే గొప్ప యాంటెన్నా డమ్మీ లోడే. దాన్నే మేడ మీద కట్టుకుని శ్రీలంక పలుకుతుందేమో పిలిచి చూడండి.

"ఒక్క తీగతో అన్ని బ్యాండ్లూ" కూడా దీని అన్నదమ్ముడే. 40 మీటర్లకి కట్టిన డైపోల్ (రెండు వైపులా చాచిన తీగ యాంటెన్నా), ఇరవై మీటర్ల పొడవుది, మధ్యలో కోయాక్స్ ఇచ్చి, దాన్ని 14 మెగాహెర్ట్జ్ మీద వాడండి అన్నట్టే కదా ఆ మెసేజ్. అక్కడ దాని మధ్యభాగం ఇంపీడెన్స్ వేల ఓమ్‌లలో ఉంటుంది. 50 ఓమ్‌ల కేబుల్‌కి అది ఎలా సరిపోతుంది? బయట పెట్టుకునే పెద్ద ట్యూనరైతే ఏదో తంటాలు పడి మ్యాచ్ చూపిస్తుంది, పవర్ మాత్రం దారిలోనే పోతుంది. 21 మెగాహెర్ట్జ్ మీద మాత్రం అదే డైపోల్ బాగానే పలుకుతుంది, ఎందుకంటే 7కి 21 మూడింతలు. అది ట్యూనర్ లేకపోయినా పలుకుతుంది. ఆ పేరు కూడా ట్యూనర్‌కే కట్టబెట్టేశారు, పాపం డైపోల్‌కి నోరు లేదు కాబట్టి. అన్ని బ్యాండ్లూ కావాలంటే పాతకాలం వాళ్లలా ల్యాడర్ లైన్ (నిచ్చెనలా పక్కపక్కన నడిచే రెండు తీగలు) దించి, దానికి సరిపోయే బ్యాలెన్స్‌డ్ ట్యూనర్ పెట్టుకోండి. ఆ లైన్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కువున్నా నష్టం చాలా తక్కువ. లేదా బ్యాండుకో జత తీగలు ఒకే బాలన్ (కోయాక్స్‌ని డైపోల్‌కి కలిపే ట్రాన్స్‌ఫార్మర్) కింద కట్టుకోండి. తీగ కిలోల లెక్కన దొరుకుతుంది, ట్యూనర్ ధరలో పావు వంతు కూడా కాదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే రెండో వైపు మూఢనమ్మకం మొదలవుతుంది. 7 మెగాహెర్ట్జ్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ 2 ఉందనో 3 ఉందనో టెన్షన్ పడి రాత్రంతా తీగలు కత్తిరించే వాళ్లున్నారు మనలో. అనవసరం. అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో, అంత కొద్ది తేడాకి అదనంగా పోయేది అర డెసిబెల్ అటూ ఇటూ, అవతలివాడికి తెలియను కూడా తెలియదు. అలాంటి చోట ట్యూనర్ నొక్కేసి మాట్లాడుకోండి, తప్పే లేదు. 80 మీటర్ల బ్యాండులో డైపోల్ ఒక మూలకి కోస్తే ఇంకో మూల కుదరదు, దానికీ ట్యూనర్ సరైన మందే.

పిడుగు పాయింటు. ఇది రాసినవాడు ఎదురుపడితే ఏమంటానో నాకే తెలియదు. ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటుని రాష్ట్ర విపత్తుల జాబితాలో పెట్టింది, సరదాకి కాదు. చైత్రం, వైశాఖం వచ్చాయంటే మధ్యాహ్నం ఎండ, సాయంత్రానికి కాలబైశాఖి గాలివాన, పొలంలో మనిషి పొలంలోనే. వేల ఆంపియర్లలో దిగే దాన్ని వేలెడంత టొరాయిడ్ మీద చుట్టిన రాగితీగ ఆపుతుందట! ఎర్త్ అక్కర్లేదట! అయ్యా, పిడుగు పడే చోట ట్యూనర్ కూడా కాలిపోయే వస్తువుల్లో ఒకటి. మబ్బు పట్టక ముందే కేబుల్ విప్పి ఇంటి బయట పెట్టండి, రేడియో ప్లగ్గు కూడా తీసేయండి. ఉరుములు మొదలయ్యాక విప్పడానికి వెళ్లకండి, రేడియో పోతే పోయింది. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట అరెస్టర్ (పిడుగు కరెంటుని ఎర్త్‌కి మళ్లించేది) పెట్టి, మంచి ఎర్త్ రాడ్ వేసి, దాన్ని ఇంటి కరెంటు ఎర్త్‌తో కలపండి. ఆ మెసేజ్ నమ్మి ఎవరైనా ఎర్త్ తీగ పీకేసి ఉంటే ఈ రోజే మళ్లీ కట్టండి. దీంట్లో వెటకారం లేదు.

తుఫాను పాయింటు చూసి దీన్నీ చీల్చి చెండాడదామనుకున్నాను. కానీ అది నిజమే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గంజాం జిల్లాలో కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో బరంపురం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లా కొండల్ని కుదిపేసింది. అలాంటి మర్నాడు కొబ్బరిచెట్లే లేకపోతే డైపోల్ ఎక్కడ కడతారు? దొరికిన తీగ దొరికిన మేకుకి కట్టి పలకాల్సిందే, అప్పుడు ట్యూనర్ నిజంగానే దిక్కు. కాకపోతే ట్యూనర్ తీగ మొదట్లో ఉండాలి, 30 మీటర్ల కేబుల్ ఇవతల గదిలో కాదు. ఐకామ్ ఏహెచ్-4 లాంటివి అందుకే బయట బిగించుకునేలా చేశారు, ఏడు మీటర్ల తీగ ఇచ్చినా 3.5 మెగాహెర్ట్జ్ నుంచి పట్టుకుంటాయి. కింద కౌంటర్‌పాయిస్ తీగలు (యాంటెన్నాకి జతగా నేల మీద పరిచేవి) పరవండి, లేకపోతే ఆర్‌ఎఫ్ (రేడియో కరెంటు) మైకు మీదికొచ్చి మూతి చురుక్కుమంటుంది. తీగ పొడవు సరిగ్గా హాఫ్ వేవ్ (సగం అల పొడవు) రాకుండా చూసుకోండి. పాత తరం ట్యూనర్లు కరెంటు ఆగగానే సెట్టింగ్ వదిలేస్తాయి, లాచింగ్ రిలేలు (కరెంటు పోయినా ఉన్నచోటే ఉండేవి) ఉన్నవి వదలవు, బ్యాటరీ మీద నడిపే రోజుల్లో ఈ తేడా పనికొస్తుంది. రాయగడ తమ్ముడూ, నువ్వు ముందు లైసెన్స్ తెచ్చుకో, 40 మీటర్ల డైపోల్ నీ చేత్తో కోసి కట్టు, మంచి కేబుల్ కొను. ఆ తర్వాత కూడా డబ్బు మిగిలితే అప్పుడు బయట బిగించే ట్యూనర్ గురించి అడుగు, చెప్తాను.

చివరిది, ఐదు సెకన్ల బటన్. ఐదు సెకన్లు నిజమే, మెమరీలో ఉన్న ఫ్రీక్వెన్సీ అయితే అంత కూడా పట్టదు. అయితే ఆ ఐదు సెకన్లూ మీరు ఎక్కడ క్యారియర్ (మాటల్లేని ఉత్త సిగ్నల్) పెడుతున్నారు? పొద్దున్న 40 మీటర్ల మీద నెట్ (అందరూ వంతులవారీగా పలికే సమావేశం) నడుస్తుంటే, ఎవరో పెద్దాయన చెక్-ఇన్ చెప్తుంటే, సరిగ్గా ఆయన గొంతు మీద "ఊఊ" అని ఒకరు, అది ఆగాక ఇంకొకరు. మెసేజ్ చదివి ట్యూనర్ కొన్న వాళ్లే అయ్యుంటారు. ముందు వినండి బాబూ. ఎవరూ లేని చోటికి నాలుగైదు కిలోహెర్ట్జ్ పక్కకి జరిగి, పవర్ 10 వాట్లకి దించి, కాల్‌సైన్ చెప్పి, అప్పుడు నొక్కండి.