రాయికి పుట్టినవాణ్ణి కన్యకు కట్టబెట్టిన ఫార్వర్డ్ గారికి

మహారాజశ్రీ డిసెంబర్ ఫార్వర్డ్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు ఈ ఏడాది కూడా క్షేమంగా చేరారు. 25వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, సరిగ్గా పిన్ని కంచాలు పెడుతున్న వేళకి, నెత్తిన రెండు బాణాలు తగిలించుకుని మరీ. పచ్చ టిక్కులు, ఎర్ర ఆశ్చర్యార్థకాలు, చివర "ఈ నిజాన్ని దాచారు, పది మందికీ పంపండి" అన్న ఆజ్ఞ. ఏ లోటూ లేదు.

తమర్ని మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టింది మా బాబాయి. మా అమ్మవైపు వాళ్లు తాతల నాటి నుంచి చర్చికి వెళ్లేవాళ్లు, నాన్నవైపు వాళ్లు వెంకన్న భక్తులు. క్రిస్మస్ భోజనానికి వచ్చి, వరండాలో కూర్చుని, పిన్ని చేసిన గులాబీ పువ్వులు కరకరా నములుతూనే తమర్ని వదిలాడు. "నువ్వు హిస్టరీ ఎమ్మేవి కదరా, నిజమో కాదో తేల్చు" అన్నాడు. అరగంట పని కదా అని మేడెక్కాను. దిగేసరికి నాలుగున్నర. మటన్ గిన్నెలో శేరువా, రెండు ఎముకలు.

అందుకే ఈ లేఖ.

తమరు సెలవిచ్చిందేమిటంటే, రోమన్ల దేవుడు మిత్రాస్ కన్యకు పుట్టాడట, అదీ డిసెంబర్ 25న. పన్నెండుమంది శిష్యులట. సిలువ వేస్తే మూడో రోజున లేచాడట. కాబట్టి క్రీస్తు కథంతా పాత దేవుళ్లని చూసి కొట్టిన కాపీయేనట. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. మిత్రాస్ పుట్టింది రాయిలోంచి స్వామీ. రాయి! రోమన్ శిల్పాల్లో కళ్లకు కట్టినట్టు చెక్కి ఉంటుంది. నడుము దాకా బండలోనే ఉంటాడు, నెత్తిన టోపీ, ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో కాగడా. చాలా చోట్ల చంటిపిల్లాడు కూడా కాదు, ఎదిగిన కుర్రాడు. ఆ బండ కన్యో కాదో ఎవరు విచారించారు? తమరేనా?

సరే, పన్నెండుమంది. మిత్రాస్ ఎద్దును చంపే శిల్పం చుట్టూ కొన్ని చోట్ల పన్నెండు బొమ్మలు ఉన్నమాట నిజమే. ఎవరయ్యా అవి? మేషం, వృషభం, మిథునం... రాశులు! రోజూ పంచాంగం చూసే మా బాబాయికి కూడా తట్టలేదు. ఇక చనిపోయి లేవడం. ఆ కథలో చచ్చింది ఎద్దు. మిత్రాస్ కాదు. ఆయన భక్తులు ఒక్క గ్రంథమైనా మనకి మిగల్చలేదు, మిగిలినవి నేల కింద గదులు, శిల్పాలు, శాసనాలు, బయటివాళ్లు రాసిన నాలుగు మాటలు. మరి ఈ జీవితచరిత్ర నీకెవడు చెప్పాడు?

చూశావా, 'తమరు' కాస్తా 'నువ్వు' అయిపోయావు. మటన్ పోయినవాడి నోట ఇంతకన్నా మర్యాద రాదు.

ఈజిప్టు దేవుడు హోరస్‌కీ కన్య తల్లినే అంటగట్టావు. చనిపోయిన భర్త ఒసిరిస్ శరీరం ముక్కలు ఏరి కూర్చి, అతని వల్లే ఐసిస్ బిడ్డను కన్నదని కదా ఈజిప్టు కథ. అక్కడితో ఆగావా? కృష్ణుణ్ణి కూడా లైన్లో నిలబెట్టావు. దేవకీదేవికి అది ఎనిమిదో కాన్పు రా నాయనా! ఈ సంగతి తెలియని తెలుగు పిల్లాడుంటాడా? 1875లో కెర్సీ గ్రేవ్స్ అనే అమెరికన్ సిలువెక్కిన రక్షకులు పదహారు మంది అని లెక్కగట్టి పుస్తకం వేశాడు, అందులో మన కృష్ణుడూ ఉన్నాడు. అప్పటి బోడిగుండుకీ మోకాలికీ వేసిన ముడినే నువ్వు ఇప్పటికీ మోస్తున్నావు.

నా అసలు కడుపుమంట నువ్వు అబద్ధం చెప్పావని కూడా కాదు. నిజం ఇంతకన్నా వెయ్యి రెట్లు బాగుంటుంది, దాన్ని నువ్వు పాడు చేశావని.

డిసెంబర్ 25నే తీసుకో. రోమ్‌లో 354 సంవత్సరానికి ఒక క్యాలెండర్ పుస్తకం తయారైంది. అందులో ఆ తేదీ ఎదురుగా "అజేయుడి పుట్టినరోజు, 30 రథాల పందేలు" అని ఉంది. అజేయుడంటే సూర్యుడు. అదే పుస్తకంలో ఇంకో జాబితాలో, అదే తేదీ ఎదురుగా, యూదయలోని బేత్లెహేములో క్రీస్తు పుట్టాడని ఉంది. రెండు పండగలకీ ఆ తేదీ మీద మనకి దొరికిన పాత ఆధారం ఆ ఒక్క పుస్తకమే. ఎవరు ఎవర్ని చూసి పెట్టుకున్నారన్నది పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. మార్చి 25న గర్భం, అక్కడి నుంచి తొమ్మిది నెలలు అని వేలు మడిచి లెక్కేసేవాళ్లూ ఉన్నారు. నువ్వు మాత్రం మధ్యలో దూరి ఆ తేదీని మిత్రాస్ జేబులో వేశావు. ఆయన ఆ రోజు పుట్టాడని పాతవాళ్లు ఒక్కరూ రాయలేదు.

ఇంకోటి. 150ల్లో రోమ్‌లో జస్టిన్ అనే క్రైస్తవుడు ఉండేవాడు. మిత్రాస్ భక్తులు కూడా రొట్టె, నీళ్ల గిన్నె పెట్టి మంత్రాలు చదువుతారని రాసింది ఆయనే. అంటే పోలిక పట్టింది నువ్వు కాదు, చర్చి మనిషే, పద్దెనిమిది వందల యాభై ఏళ్ల పైనే అయింది. దానికి ఆయన చెప్పిన సమాధానం: మమ్మల్ని చూసి దయ్యాలు కాపీ కొట్టాయి. నిన్న నీ కింద పిన్ని వాళ్ల చర్చి కుర్రాడొకడు "ఇదంతా సైతాను పని" అని జవాబు పెట్టాడు. పాపం, జస్టిన్‌ని చదవలేదు, అయినా అక్షరం పొల్లుపోలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మెట్ల కథ. అయిదో శతాబ్దంలో లియో పోపు ఒక క్రిస్మస్ ప్రసంగంలో జనాన్ని తిట్టాడు. రోమ్‌లో పేతురు పేరున్న చర్చికి వచ్చినవాళ్లు మెట్లెక్కి, పైన నిలబడి, వెనక్కి తిరిగి ఉదయిస్తున్న సూర్యుడికి వంగి దణ్ణం పెట్టి, అప్పుడు లోపలికి పోతున్నారట. కొందరు తెలియక, కొందరు పాత వాసన వదలక. ఆ మెట్ల మీది మనిషి ఏ మతాన్నీ కాపీ కొట్టలేదు, వాళ్ల తాత పెట్టినట్టు దణ్ణం పెట్టాడంతే. గుణదల మాత ఉత్సవాల్లో తలనీలాలిచ్చేవాళ్లని చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అంతెందుకు, చర్చి బోర్డు మీద "ఆదివార ఆరాధన" అని ఉంటుంది. ఆదిత్యుడి వారం! ఇంత దగ్గర్లో ఉన్నది నీకు కనపడలేదు.

601లో గ్రెగరీ పోపు మత ప్రచారానికి ఇంగ్లండు పోతున్న మెల్లిటస్ అనే మఠాధిపతికి ఉత్తరం రాశాడు. అక్కడివాళ్ల గుళ్లు కూల్చకండి, విగ్రహాలు తీసేసి పవిత్ర జలం చల్లండి, వాళ్లు దేవతలకు కోసే పశువుల్ని ఇక పండగ భోజనానికి కోసుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పనివ్వండి అని. ఆ లెక్కన పిన్ని వండిన మటన్‌కి 601 నాటి పర్మిషన్ ఉంది. తినడానికే నాకు లేకపోయింది.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. నువ్వు రాకపోతే ఆ మేడ మీద కూర్చుని ఇవన్నీ మళ్లీ తిరగేసేవాణ్ణి కాదు. చీకటి పడ్డాక బాబాయికి మెట్ల కథ చెబితే ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. "ఇది బాగుందిరా, గ్రూపులో పెట్టు" అన్నాడు. నిన్ను మాత్రం డిలీట్ చేయలేదు.

ఏప్రిల్‌లో ఈస్టర్‌కి బాబిలోను దేవత ఇష్టార్ వేషం కట్టుకుని వస్తావని తెలుసు. మా వాళ్లు దాన్ని పస్కా అంటారు, ఇష్టార్‌కీ దానికీ ప్రాస కూడా కుదరదు. అయినా వస్తావు. రా. కాకపోతే భోజనాలయ్యాకే పెట్టాలని బాబాయి చేత ఒట్టు వేయించుకున్నాను.

ఇట్లు,
రెండు ఎముకల వాటాదారు