తెల్లవారితే గురువారం

మొన్న గురువారం రాత్రి తెనాలిలో స్నేహితుడి కూతురి పెళ్లికి వెళ్లాను. పట్టుపంచె, బస్సు, ఆటో, వాటి కథలన్నీ చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. ముహూర్తం 12.48కి. నేను పన్నెండుకే, అంటే రెండు ఘడియల ముందే, చంకలో కానుక పెట్టెతో కల్యాణ మండపంలో అడుగుపెట్టాను.

లోపల పెళ్లి లేదు. కుర్చీలు ఒకదాని ఒడిలో ఒకటి కూర్చుని గోడకు చేరబడ్డాయి. వాచ్‌మన్ ఒక్కడే అక్షింతలు ఊడుస్తున్నాడు.

"పెళ్లి నిన్న రాత్రే అయిపోయిందండీ."

సరిగ్గా అప్పుడే నా చంకలోని పెట్టె పాట అందుకుంది.

కానుక గోడ గడియారం. "చీకట్లో మోగదు సార్, వెలుతురును పసిగట్టే కన్నుంది" అని దుకాణదారు నమ్మబలికాడు. పని చేస్తోందో లేదో చూడడానికి బ్యాటరీ వేసి, తీయడం మరిచి, పైన మెరుపు కాగితం చుట్టాడు. మూసిన అట్టపెట్టెను మించిన చీకటి ఇంకెక్కడుంటుందో ఆ మహానుభావుడే చెప్పాలి. పాట అయ్యాక గంటలు మొదలయ్యాయి. పన్నెండు!

మూడో గంటకు వాచ్‌మన్ చీపురు ఆపాడు. నాలుగో గంటకు నేను శుభలేఖ తీశాను. "బుధవారం రాత్రి 12.48 గంటలకు, తెల్లవారితే గురువారం." ఎంత స్పష్టంగా ఉందో! నా కళ్లు మాత్రం గురువారాన్నే ఏరుకుని ఫోనుకు అప్పజెప్పాయి.

అయినా తప్పంతా నాదేనా? పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై అరవై ఘడియలు సాగుతుంది. ఫోనులో అర్ధరాత్రికే మారిపోతుంది. ఆర్యభటుడు ఈ రెండు పద్ధతుల్లోనూ లెక్కలు కట్టాడు. ఐరోపా ఖగోళవేత్తలైతే 1924 చివరిదాకా మిట్టమధ్యాహ్నమే రోజు మొదలుపెట్టేవారు. రాత్రంతా నక్షత్రాలు చూసేవాళ్లకు నడుమ తేదీ మారితే చిరాకట. చిరాకంటే ఏమిటో నన్నడగాలి.

ఎనిమిదో గంటకు, గణితవేత్త భాస్కరాచార్యుడి కూతురు లీలావతి పెళ్లి కథ గుర్తొచ్చింది. అడుగున చిల్లున్న గిన్నెను నీళ్లమీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టే 24 నిమిషాలే ఘడియ. ఆమె వంగి చూస్తుంటే ముత్యమొకటి జారిపడి చిల్లుకు అడ్డుపడిందనీ, ముహూర్తం కాస్తా దాటిపోయిందనీ కథ. భాస్కరాచార్యుడు కూతురి పేరు నిలిచేలా గణిత గ్రంథం రాసి ఓదార్చాడట. నన్ను ఓదార్చడానికి అక్కడ ఒక్క గారె కూడా మిగల్లేదు.

పదికీ పదకొండుకీ మధ్య ఒక యుగం గడిచింది. పెట్టెను గట్టిగా హత్తుకుంటే శబ్దం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. పైగా పసిబిడ్డను జోకొడుతున్నట్టు కనిపించానేమో, వాచ్‌మన్ కుర్చీ ఒకటి లాగి వేశాడు.

పన్నెండోది మోగాక అతను తన ఫోను తీసి చూశాడు.

"మీ గడియారం రెండు నిమిషాలు ముందుందండీ."