పరీక్షించాకే తీర్పు చెప్పాలి

వినాయక చవితి దగ్గరపడిందంటే విశాఖలో మైక్ సెట్‌ల వారికి ఊపిరి సలపదు. గాజువాక నుంచి మధురవాడ దాకా పందిళ్లలో రాత్రంతా మోగిన సౌండ్ బాక్స్ తెల్లవారేసరికి బొంగురుపోయినా, మూగబోయినా యజమాని వినే మాట చాలాసార్లు ఒక్కటే: ఊఫర్ (బేస్ శబ్దాన్నిచ్చే పెద్ద స్పీకర్) కాలిపోయింది, కొత్తది వేయాలి. మీటరు చేతిలోకి తీసుకోకుండానే ఆ మాట అనడం తగదని మేము గట్టిగా చెబుతున్నాము.

ఊఫర్ తీగలను విప్పి మల్టీమీటర్‌తో కొలవడానికి నిమిషం చాలు. 8 ఓమ్‌లని ముద్రించిన ఊఫర్ మీటరుపై సుమారు 5.5 నుంచి 7 ఓమ్‌ల మధ్య చూపడం సహజం. మీటరు కొలిచేది డీసీకి (ఒకే దిశలో పారే కరెంటుకు) ఉండే నిరోధాన్ని మాత్రమే, ముద్రించిన అంకె పాట వంటి మారే సంకేతానికి ఎదురయ్యే అవరోధం, కాబట్టి ఆ అంకె కంటే తక్కువ రావడం లోపం కాదు. మీటరు ఏమీ చూపకపోతే కాయిల్ (లోపలి తీగచుట్ట) తెగి ఉండవచ్చు, లేదా టెర్మినల్ నుంచి కోన్‌కు (కదిలి శబ్దాన్నిచ్చే గరాటు లాంటి భాగానికి) వెళ్లే అల్లిక తీగ మాత్రమే తెగి ఉండవచ్చు. ఉప్పుగాలికి లోహం త్వరగా చెడే తీరనగరంలో ఈ రెండో అవకాశాన్ని తప్పక చూడాలి, ఎందుకంటే తీగ తెగడమే లోపమైతే కాస్త సోల్డరింగ్‌తో పని పూర్తవుతుంది. కొలత సరిగా ఉన్నా శబ్దం చెడితే, కోన్‌ను రెండు చేతుల వేళ్లతో అన్ని వైపులా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి చూడాలి. గరగరమని రాపిడి తగిలితే కాయిల్ ఉబ్బిందనో, పక్కకు జరిగిందనో అర్థం.

కోన్ అంచున ఉండే ఫోమ్ సంగతి వేరు. తేమకు, వయసుకు అది పొడిపొడిగా రాలిపోతుంది, కానీ కాయిల్, అయస్కాంతం చెక్కుచెదరకుండా ఉంటాయి. సరిపడే కొత్త వలయాన్ని తెచ్చి, కాయిల్ మధ్యలోనే నిలిచేలా చూసి అతికిస్తే ఆ ఊఫర్ మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇలాంటివాటిని పాత సామాను వారికి అమ్మేయడం మాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

కాయిల్ కాలినప్పుడు కారణం వెతకకుండా ఊఫర్ మార్చడం మరింత నష్టం. శక్తి చాలని ఆంప్లిఫయర్‌ను హద్దు దాటించి మోగిస్తే తరంగాల తలలు తెగి, కాయిల్‌కు అందే సగటు శక్తి పెరుగుతుంది. ఆ వేడికి తీగ పూత, జిగురు చెడిపోతాయి. ఆంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే డీసీ నేరుగా ఊఫర్‌కు చేరి కొద్ది క్షణాల్లోనే కాయిల్‌ను కాల్చేయగలదు. అందువల్ల కొత్తది బిగించే ముందు స్పీకర్ తీసేసి, అవుట్‌పుట్ రెండు టెర్మినళ్ల మధ్య డీసీ కొలవాలి. అది కొన్ని మిల్లీవోల్టులకు బదులు వోల్టుల్లో కనిపిస్తే ముందు బాగుచేయాల్సింది ఆంప్లిఫయర్‌నే.

కొత్తది కొనక తప్పనప్పుడు అంగుళాలు సరిపోతే చాలదు. 8 ఓమ్‌ల స్థానంలో 4 ఓమ్‌లది పెడితే ఆంప్లిఫయర్‌పై భారం దాదాపు రెట్టింపవుతుంది. పెట్టె లోపలి పరిమాణానికి తగని ఊఫర్ అయితే బేస్ పలచబడుతుంది లేదా గుమ్మని మారుమోగుతుంది. మంచి చేతిపని తెలిసిన వారుంటే పాత ఫ్రేమ్‌లోనే కాయిల్, కోన్, స్పైడర్ (కాయిల్‌ను మధ్యలో నిలిపే ముడతల వలయం) కొత్తవి వేయించుకోవచ్చు. ఖరీదైన ఊఫర్‌లకు మేము ముందుగా సూచించేది ఆ దారినే.

ఈ పని నేర్చినవారు తగ్గిపోకముందే కంచరపాలెంలోని ఐటీఐ వంటి చోట్ల ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు స్పీకర్ మరమ్మతును చేతితో చేయించి నేర్పాలి. దుకాణదారులు మీటరు కొలతను వినియోగదారుడికి ఎదురుగా చూపించి బిల్లుపై రాయాలి, మార్చిన పాత ఊఫర్‌ను అతని చేతికే తిరిగివ్వాలి. ఉత్సవ కమిటీలు పందిరి కట్టే ముందు రోజు కాకుండా కనీసం రెండు వారాల ముందే తమ పెట్టెలను విప్పించి చూసుకుంటే, మరమ్మతు చేసేవారికి ఫోమ్ అతికించి జిగురు ఆరనిచ్చేందుకు తగినంత వ్యవధి దొరుకుతుంది.