రేటు తగ్గింది, తుంటి విరిగేవాళ్లు తగ్గలేదు

తుంటి ఎముక విరగడం చాలా దేశాల్లో తగ్గుతోందని చదివినప్పుడు నాకు సంతోషం కంటే కంగారే ఎక్కువ కలుగుతుంది. తగ్గుతున్నది రేటు. అంటే ఫలానా వయసువాళ్లు లక్షమంది ఉంటే వాళ్లలో ఎంతమందికి విరుగుతోందన్న లెక్క. ఎనభై దాటినవాళ్లు అంతకంటే వేగంగా పెరుగుతున్నప్పుడు ఆపరేషన్ థియేటర్ ముందు వరుస పెరుగుతూనే ఉంటుంది. 19 దేశాలు, ప్రాంతాల రికార్డులను కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2023లో వచ్చింది. 2005-2018 మధ్య రేటు చాలాచోట్ల తగ్గిందని, అయినా 2050 నాటికి తుంటి విరిగేవాళ్లు ఇంచుమించు రెట్టింపవుతారని అందులోనే ఉంది.

రేటు తగ్గిన ఘనతంతా మందులకే ఇవ్వలేం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 1970 నుంచి 2010 దాకా తుంటి ఫ్రాక్చర్ల రేటు సగటున ఏటా 4.4 శాతం తగ్గుతూ వచ్చింది. ఎముకలు గుల్లబారకుండా వాడే మందు అలెండ్రోనేట్‌కు అక్కడ 1995 దాకా అనుమతే రాలేదు. సిగరెట్లు, అతిగా తాగడం తగ్గడమే ముఖ్య కారణం కావచ్చని పరిశోధకులు తేల్చారు.

అలాగని మందుల్ని పక్కన పెడితే ఏమవుతుంది? దీర్ఘకాలం వాడితే తొడ ఎముక విరగొచ్చన్న, దవడ ఎముక దెబ్బతినొచ్చన్న వార్తలతో అమెరికాలో 2008 తర్వాత వాటి వాడకం సగానికి పైగా పడిపోయింది. డాక్టర్ల క్లినిక్‌లలో ఎముక బలం కొలవడానికి చేసే డెక్సా స్కాన్‌కు, పెద్దవాళ్ల కోసం అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ ఇచ్చే డబ్బు కూడా 2007 నుంచి బాగా తగ్గించారు. ఏళ్లుగా దిగుతూ వచ్చిన తుంటి ఫ్రాక్చర్ల రేటు 2012 తర్వాత అక్కడ దిగడం ఆగింది. ఒకదానివల్లే మరొకటి జరిగిందని రుజువు లేదు. కానీ కాకతాళీయమని నేను అనుకోలేను. ఆ మందుల దుష్ఫలితాలు నిజమే, చాలా అరుదు కూడా. తుంటి విరిగిన పెద్దవాళ్లలోనైతే దాదాపు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే చనిపోతున్నారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మొదటి ఫ్రాక్చర్ సంగతి. యాభై ఎనిమిదేళ్లావిడ నేల తడిగా ఉండి జారుతుంది, చెయ్యి ఆనించుకుంటుంది, మణికట్టు విరుగుతుంది. ఆరు వారాలు కట్టు, తర్వాత కొన్ని వ్యాయామాలు, అంతా సర్దుకుందని ఇంటికి పంపేస్తారు. నిలబడిన చోట నుంచి పడితేనే ఎందుకు విరిగిందని ఎవరూ అడగరు. నిజానికి ఒకసారి అలా విరిగితే మళ్లీ విరిగే ముప్పు సుమారు రెట్టింపవుతుంది. వెన్నుపూసలైతే చాలామందిలో చప్పుడు లేకుండానే నలిగిపోతాయి. నడుం నొప్పి వయసుతో వచ్చిందే అనుకుంటారు, పొడవు తగ్గిన సంగతి ఎవరూ కొలిచి చూడరు.

ఈ ఖాళీని పూడ్చే పద్ధతి కొత్తదేం కాదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1990ల చివర్లోనే మొదలైంది. ఎముక విరిగి వచ్చిన యాభై దాటిన ప్రతి ఒక్కరినీ ఒక నర్సు పట్టుకుని ఎముక బలం పరీక్షించి, అవసరమైతే మందు మొదలయ్యేలా చూస్తుంది. పాతికేళ్లు గడిచినా ఎన్నో ఆసుపత్రుల్లో ఆ ఒక్క నర్సు పోస్టు లేదు.