గుప్పెడు మట్టిలో శాంతిభద్రతలు

నేలతల్లి ఒడిలో సూక్ష్మజీవులన్నీ కలిసిమెలిసి కాపురం చేస్తున్నాయని వేదికలెక్కి ఉపన్యాసాలు దంచేవారు ఒక్కసారి గుప్పెడు మట్టి తీసి చూడాలని మనవి. అక్కడ నిషేధాజ్ఞలు పెట్టాల్సిన పరిస్థితి ఉంది.

గొడవంతా ఇనుము గురించి. భూమి పైపొరలో బరువు లెక్కన దాదాపు 5 శాతం ఇనుమే. మన చెల్క నేలల ఎరుపు దాని చలవే. మరి కొట్టుకోవడమెందుకంటే, గాలి తగిలిన ఇనుము తుప్పై కూర్చుంటుంది. నీళ్లలో కరగదు, ఎవరి నోటికీ అందదు. సున్నం ఎక్కువున్న పొలంలో వేరుశనగ ఆకులు పాలిపోతే రైతు అన్నభేది (ఇనుప లవణం), నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేసేది ఇందుకే. నిల్వలు పుష్కలం, సరఫరా సున్నా. ఈ పాలనా విధానం మనకు కొత్తేమీ కాదు.

బ్యాక్టీరియాకు పిచికారీ చేసే నాథుడు లేడు. అందుకని చాలావరకు సిడెరోఫోర్ అనే చిన్న అణువును బయటికి వదిలి, తుప్పులోంచి ఇనుమును పెరికి తెప్పించుకుంటాయి. తెచ్చేలోపు దారికాచి కొట్టేసేవాళ్లు సిద్ధం. సొంతంగా సిడెరోఫోర్ చేసుకోవడం చేతకాకపోయినా, పక్కవాడిది పట్టుకునే గ్రాహకాలు మాత్రం తయారుగా పెట్టుకున్న బాపతు.

ఇక మిక్సోకాకస్ జాంథస్ అనే బ్యాక్టీరియా గారు. గుంపుగా జారుకుంటూ వచ్చి, ఎదుటివాణ్ణి తాకి చంపి, ఎంజైములతో అక్కడికక్కడే కరిగించి జుర్రుకునే ఘనులు. ఆకలేసి తింటే ఆక్షేపణ లేదు. నా అభ్యంతరం పద్ధతి మీద. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే మరో మట్టి బ్యాక్టీరియా పక్కన పెంచినప్పుడు ఈయన మిక్సోకెలిన్ అనే సిడెరోఫోర్‌ను విరివిగా వదిలి, ఇనుమంతా తన ఖాతాలో వేసుకుంటారని 2020లో కొరియా పరిశోధకులు బయటపెట్టారు. మనిషిని మింగే ముందు రేషన్ కార్డు రద్దు చేయించడమన్నమాట!

అవతలివాడూ తక్కువ తినలేదు. ఇనుము అందక ఒళ్లు మండి, ఆక్టినోరోడిన్ అనే నీలిరంగు యాంటీబయాటిక్ కక్కుతాడు. మిక్సోకాకస్ పక్కనుంటే అది 20 రెట్ల దాకా పెరుగుతుందని అంతకుముందే తేలింది. మన పోలీసులైతే ఇరువర్గాల మీదా కేసు పెట్టి ఊరుకుంటారు. (ఈ వంశంవాడే ఇంకొకడు, స్ట్రెప్టోమైసిస్ గ్రైసియస్, చేసిన స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో వేరుచేసి మనం క్షయకు మందు చేసుకున్నాం. 1952లో నోబెల్ ఆ పరిశోధన నడిపిన శాస్త్రవేత్త వాక్స్‌మన్‌కు వెళ్లింది. గ్రైసియస్‌కు శాలువా కూడా కప్పలేదు.)

బాసిల్లస్ సబ్టిలిస్ అనే ఇంకో బ్యాక్టీరియా ఇంటి సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. తిండి తగ్గితే గట్టి పెంకున్న సిద్ధబీజంగా (స్పోర్) మారి పడుకోవాలి. ఆ ముహూర్తం వాయిదా వేసుకోవడానికి కొన్ని కణాలు తోబుట్టువులకే విషం పెట్టి, పగిలిన ఒంటిలోంచి కారినదాన్ని తాగుతాయి. గడువు పొడిగింపు కోసం ఇంతకు తెగించినవాణ్ణి నేను అసెంబ్లీలో కూడా చూడలేదు.

కాబట్టి కృష్ణా జలాలకు వేసినట్టే ఇనుముకూ ఒక ట్రిబ్యునల్ వేయాలని డిమాండ్ చేస్తున్నాను. మిక్సోకాకస్ తరఫు వకీలు మొదటి రోజే వాయిదా అడుగుతారు. ప్రతివాది అప్పటికే జీర్ణమై ఉంటాడు గనక అభ్యంతరం ఉండదు.